తమ్ముణ్ణి ములాఖత్‌లో కలవబోయే ముందు

అమ్మాయ్,

తమ్ముణ్ణి చంచల్‌గూడకు పంపినప్పటి నుంచి మీ అమ్మ అన్నం ముట్టడం లేదన్నావు. ఆవిడకు ముందు ఈ మాట చెప్పు: వాడు శిక్ష పడ్డ ఖైదీ కాదు, రిమాండ్ ఖైదీ, అంటే కేసు ఇంకా తేలనివాడు. సొంత బట్టలే కట్టుకుంటాడు. శిక్ష పడ్డవాళ్ల నుంచి విడిగా ఉంచాలని 1894 నాటి జైళ్ల చట్టమే చెబుతోంది.

గేటు దగ్గర మొదట చూసేది మనిషిని కాదు, వారంటును, అంటే వాణ్ణి జైల్లో ఉంచమని కోర్టు రాసిచ్చిన కాగితాన్ని. పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు, కోర్టు ముద్ర, మళ్లీ ఎప్పుడు హాజరుపరచాలో ఆ తేదీ. తర్వాత సోదా చేసి, ఒంటి మీది ఉంగరం, డబ్బు రిజిస్టరులో రాసి భద్రపరుస్తారు. పుట్టుమచ్చలు రాసుకుంటారు, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు, ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు కనుక్కుని రాసిపెట్టుకో, ప్రతి పనికీ అడుగుతారు. మొదటి కొన్నాళ్లు కొత్తవాళ్ల బ్యారక్‌లో ఉంచి, ఆరోగ్యం చూశాకే మామూలు బ్యారక్‌కు మారుస్తారు. అందుకే వెళ్లిన మర్నాడే ములాఖత్ దొరక్కపోతే ఏదో జరిగిందని కంగారు పడొద్దు.

జైలు డాక్టరు పరీక్ష విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకు. ఒంటి మీద దెబ్బలుంటే అక్కడే నమోదు కావాలి. బీపీకో ఫిట్స్‌కో మందులు వాడుతుంటే ఇంటి నుంచి మాత్రలు పట్టుకెళ్లి ఇవ్వబోకు, గేటు దగ్గరే ఆపేస్తారు. డాక్టరు చీటీ, పాత రిపోర్టుల జిరాక్సులు జైలు డాక్టరుకు చేరేలా చూడు, వకీలు ద్వారా కోర్టులో కూడా వేయించు. ఇంకొకటి, సిగ్గుపడి దాచేది: రోజూ మందో కల్లో తాగే అలవాటుంటే తప్పకుండా చెప్పాలి. ఒక్కసారిగా ఆగిపోతే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. ముందే తెలిస్తే డాక్టరు మందులిస్తాడు.

ఇక ములాఖత్. ఈ-ప్రిజన్స్ వెబ్‌సైటులో ఈ-ములాఖత్ అని ఉంటుంది. రాష్ట్రం, జైలు, తేదీ ఎంచుకుని, నీ వివరాలు, గుర్తింపు కార్డు నంబరు, వాడి పేరు, తండ్రి పేరు, వయసు, మీ బంధుత్వం నింపాలి. నేరుగా కలవాలో వీడియోలో మాట్లాడాలో కూడా అక్కడే అడుగుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, వారంటులో వెనకుంటుంది, లేదా పోలీసులు పిలుపు పేరే రాసేసి ఉంటారు. వకీలు దగ్గర రిమాండ్ రిపోర్టు నకలు తీసుకుని అక్షరం పొల్లుపోకుండా అదే నింపు. వారానికి ఎన్నిసార్లు, ఏ వేళల్లో అన్నది జైలు బయటి బోర్డు మీద చూసుకో. అసలు ఆధార్ వెంట ఉంచుకో, ఫోను ఇంట్లో వదిలి వెళ్లు.

లోపల జాలీకో అద్దానికో అవతల వాడు, ఇవతల నువ్వు. చుట్టూ పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటారు, సగం మాటలు వినబడవు. అడగాల్సినవి నాలుగైదు ముందే అనుకుని వెళ్లు. కేసు సంగతి అక్కడ ఎత్తొద్దు, సిబ్బంది పక్కనే ఉంటారు. అది వకీలుకు వదిలెయ్, రిమాండ్ ఖైదీతో ఆయన మూడో మనిషి లేకుండా మాట్లాడవచ్చు. వకాలత్ (వకీలుకు కేసు అప్పగించే కాగితం) మీద వాడి సంతకం, దాని మీద జైలు అధికారి ధ్రువీకరణ మొదటి వారంలోనే అయిపోవాలి, అది లేకపోతే బెయిల్ పిటిషన్ ఆలస్యమవుతుంది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోయినా కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. 15100కు ఫోన్ చెయ్.

వండినది తీసుకెళ్లకు, చాలాచోట్ల లోపలికి పంపరు. రెండు జతల మామూలు బట్టలు చాలు. డబ్బు వాడి ఖాతాలో కట్టి రసీదు తీసుకో, వాడు క్యాంటీన్‌లో వాడుకుంటాడు. వాడి చేతికి మాత్రం పొరపాటున కూడా ఇవ్వకు, నిషేధించిన వస్తువు ఏది లోపలికి చేరవేసినా ఆరు నెలల దాకా జైలు. లోపల బాగా చూసుకుంటామని బయట ఎవరైనా చెయ్యి చాపినా, జైలు నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్‌పేలో వేయమన్నా నమ్మకు.

రిమాండ్ పొడిగింపు రోజున కోర్టుకు పరుగెత్తేముందు వకీలును అడుగు, చాలాసార్లు వీడియోలోనే హాజరుపరుస్తారు. రోజులు మాత్రం నువ్వే లెక్కపెట్టు, మొదటి రిమాండ్ రోజునూ కలుపుకొని. మామూలు కేసుల్లో 60 రోజులు, ఉరి, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని శిక్ష పడగల కేసుల్లో 90 దాటినా ఛార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే. ఛార్జిషీటు పడ్డాక అడిగితే ఆ హక్కు పోతుంది.

బెయిల్ వచ్చినా ఆ గంటలోనే వాడు బయటికి రాడు. జామీనుదారుల కాగితాలు కోర్టు ఒప్పుకోవాలి, విడుదల ఆర్డరు జైలుకు చేరాలి, అందులో పేరు వారంటుతో సరిపోవాలి. సాయంత్రం ఖైదీలను బ్యారక్‌ల్లో పెట్టి తాళం వేశాక చేరితే మర్నాడే. వేరే కేసులో పీటీ వారంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఆ కేసులో హాజరుపరచమనే కోర్టు ఆర్డరు) ఉంటే ఆపేస్తారు, అది ముందే వకీలును కనుక్కోమను. వదిలేటప్పుడు ఉంగరం, ఖాతాలో మిగిలిన డబ్బు తిరిగిస్తారు. రసీదులు తీసుకెళ్లు, గేటు దగ్గరే లెక్క చూసుకొమ్మను.

మీ బాబాయి