నీటి కింది నేలకు పటం: చేతి జీపీఎస్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలం వేస్తుంటాను. ఎండాకాలంలో బయటపడే పాత వాగు, చెట్ల మోడులు, బావులు నీళ్లు నిండాక ఎక్కడున్నాయో అంతు చిక్కడం లేదు. చేతి జీపీఎస్ ఒకటి కొన్నాను. దాంతో పటం ఎలా తయారు చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, ఆర్మూర్

జవాబు: పడవ ఎక్కకముందే సగం పని అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు దిగిపోయినప్పుడు నేల మీద నడిచి గీసిన పటానికి సాటి వచ్చేది లేదు. కంటికి కనిపిస్తున్న మోడును గుర్తించడానికి అర నిమిషం చాలు. నీళ్లు నిండాక దాని కోసం అర రోజు తిరగాలి.

ముందు పరికరంలో ట్రాక్ రికార్డింగును (మీరు నడిచిన దారిని గీతగా దాచుకునే సదుపాయాన్ని) 'ఆటో' నుంచి మార్చి ఐదు సెకన్లకు ఒక బిందువు పడేలా పెట్టండి. తర్వాత నీటి అంచు వెంబడే నడవండి. ఆ రోజు జలాశయం మట్టం, అంటే సముద్రమట్టం నుంచి నీటి ఎత్తు, 1,064 అడుగులైతే మీరు నడిచిన గీత 1,064 అడుగుల సమోన్నత రేఖే (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత). నీరు దిగేకొద్దీ రెండు మూడు అడుగులకొకసారి వెళ్లి మళ్లీ అంచు వెంట నడిస్తే, లోతు కొలిచే పని లేకుండానే నాలుగైదు రేఖలు చేతికొస్తాయి. రెండు రేఖలు దగ్గర దగ్గరగా ఉన్నచోట నేల ఒక్కసారిగా దిగుతుంది. వాలుగ, జెల్ల కోసం ముందు చూడాల్సింది అక్కడే. రేఖలు దూరంగా జరిగితే అది పళ్లెంలాంటి నేల. నూటికి ఒకటి వాలున్న చోట మట్టం ఒక్క అడుగు తగ్గితే అంచు ముప్పై మీటర్లు వెనక్కి పోతుంది, కాబట్టి ఏ రోజు నడిచారో, ఆ రోజు మట్టమెంతో ట్రాక్ పేరులోనే రాసిపెట్టండి. గాలి బలంగా వీచే రోజు, ఎగువ నుంచి వరద వస్తున్న రోజు ఈ పని వద్దు. అప్పుడు నీటి మట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

మోడులు, బావులు, పాత బండిదారి, పొలం గట్లు, వాగు ఒడ్డు తెగిన చోట్లు, వీటన్నిటికీ విడిగా వేపాయింట్లు (పేరు పెట్టి దాచుకునే బిందువులు) పెట్టండి. ఒకే చోటును పలుమార్లు కొలిచి సగటు తీసే 'యావరేజ్ వేపాయింట్' సదుపాయం ఉంటే ముఖ్యమైన వాటికి అది వాడండి. గంటన్నర ఆగి రెండోసారి కూడా చేస్తే ఇంకా మంచిది, ఈలోగా ఉపగ్రహాల అమరిక మారుతుంది. నీటి అంచు ఏ రోజు మోడు మొదలును తాకిందో గమనిస్తే ఆ రోజు మట్టమే దాని ఎత్తు. 1,052 అయితే పేరు 'ఎం 1052' అని పెట్టండి, 'ఎం' అంటే మోడు. మోడుల మీద పట్టే నాచును మేయడానికి శీలావతి వస్తుంది, అందుకే ఒంటరి మోడు కన్నా గుంపుగా ఉన్నవాటిని వదలకుండా గుర్తించండి.

ఒక్క హెచ్చరిక. ఒండ్రు పైకి ఆరి పగుళ్లు తీసినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, నడుము దాకా దిగబడిపోవచ్చు. చేతికర్రతో పొడుచుకుంటూ నడవండి. ఒంటరిగా వెళ్లకండి.

ప్రశ్న: గత నెల పుట్టిలో వెళ్లి లోతులు కొలిచి రాసుకున్నాను. ఇప్పుడు అదే చోట కొలిస్తే లెక్కలు కలవడం లేదు. జీపీఎస్ తప్పా?
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: జీపీఎస్ తప్పు కాదు. మీరు లోతు రాసుకున్నారు, రాసుకోవాల్సింది నేల ఎత్తు. ఆనాటి మట్టం నుంచి లోతును తీసేస్తే నేల ఎత్తు వస్తుంది. మట్టం 1,074, లోతు 22 అడుగులు అనుకోండి. నేల ఎత్తు 1,052, అది మారదు. మట్టం 1,085కు చేరిన రోజు అక్కడ 33 అడుగుల నీరుంటుంది, జలాశయం 1,091 అడుగుల పూర్తి మట్టానికి నిండితే 39. గత నెల కొలిచిన తేదీలు మీ దగ్గరుంటే పాత లెక్కలేవీ పారేయక్కర్లేదు. ఆ రోజుల మట్టాలు పాత దినపత్రికల్లో దొరుకుతాయి.

పరికరం చూపే ఎత్తును మాత్రం ఈ లెక్కలోకి తేకండి. అడ్డంగా మూడు నుంచి ఐదు మీటర్ల తేడాతో చూపే పరికరం నిలువుగా అంతకు రెట్టింపు దాకా తప్పవచ్చు. కొన్ని ఫోన్ యాప్‌లు సముద్రమట్టానికి సవరించని ఎత్తు చూపిస్తాయి, మన ప్రాంతంలో అది డెబ్బై మీటర్లకు పైగా తక్కువ కనిపిస్తుంది.

లోతు కొలవడానికి అర కిలో సీసపు గుండు, సాగని అల్లిక తాడు కావాలి. తంగూసు సాగుతుంది, పనికిరాదు. రెండడుగులకో ముడి, పది అడుగులకో రంగు గుడ్డ కట్టండి. పత్రికల్లో మట్టం అడుగుల్లోనే వస్తుంది, మీటర్లలో ముళ్లు వేస్తే ప్రతిసారీ లెక్క మార్చాలి. గుండు కింది గుంటలో గ్రీజు పూస్తే ఇసుకో, బంకమట్టో, గులకరాయో అంటుకుని వస్తుంది. ఏమీ అంటకుండా 'టక్' మని తగిలితే రాతినేల. పాత వాగుకు అడ్డంగా, ఇరవై మీటర్ల ఎడంతో గీతలు గీసినట్టు వెళ్లి, గీత మీద ఇరవై మీటర్లకోసారి గుండు వేయండి. పుట్టి గాలికి కొట్టుకుపోతుంటే తాడు ఏటవాలుగా దిగి లోతు ఎక్కువ చూపిస్తుంది, తాడు నిలువుగా ఉన్నప్పుడే లెక్క తీసుకోండి.

పొడవాటి పడవైతే ఇంకో పొరపాటు జరుగుతుంది. ముందు కొసన ఒకరు గుండు వేస్తారు, వెనక కూర్చున్నవారు బటన్ నొక్కుతారు. పడవ ఆరు మీటర్లైతే ప్రతి బిందువూ ఆరు మీటర్లు తప్పు. ఇద్దరూ ఒకే కొసన కూర్చోవాలి.

ప్రశ్న: గుర్తుపెట్టిన చోటికి దగ్గరయ్యేసరికి తెర మీది బాణం పిచ్చిగా తిరుగుతోంది. ఎందుకు?

జవాబు: ఎలక్ట్రానిక్ దిక్సూచి లేని పరికరం మీరు కదిలితేనే దిక్కు చెప్పగలదు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ అలాంటిదే, 32ఎక్స్‌లో దిక్సూచి ఉంది. నిలబడ్డప్పుడు బాణాన్ని వదిలి దూరం అంకెను చూడండి. అది ఐదు మీటర్లకు తగ్గగానే చిన్న రాయి కట్టిన బెండును నీళ్లలో వదలండి. ఇక ఆ బెండే మీ గుర్తు. దాని చుట్టూ గుండుతో తడిమి మోడును పట్టుకోండి. గాలి వచ్చే వైపున లంగరు వేసి, లోతుకు మూడు నాలుగింతల తాడు వదిలితే పడవ వెనక్కి జరిగి సరిగ్గా గాలం అందే దూరంలో నిలుస్తుంది. మోడు నెత్తి మీదే లంగరు వేస్తే లంగరు చిక్కుకుంటుంది, చేపలూ బెదురుతాయి.

పరికరానికి బెండో థర్మోకోల్ ముక్కో కట్టడం మరవకండి. ఈట్రెక్స్ లోపలికి నీరు పోదు గానీ నీళ్లలో తేలదు.

ప్రశ్న: స్నేహితుడు ఇచ్చిన అక్షాంశ రేఖాంశాల అంకెలు కొడితే అర కిలోమీటరు దూరంలో, ఒడ్డు మీద చూపిస్తోంది.

జవాబు: నిమిషాల దశాంశాలను సెకన్లుగా చదివి ఉంటారు. 18 డిగ్రీల 58.500 నిమిషాలంటే 58 నిమిషాల 30 సెకన్లు. దాన్ని 50 సెకన్లుగా కొడితే ఉత్తరానికి 600 మీటర్లకు పైగా జరుగుతుంది. ఇద్దరూ 'డబ్ల్యూజీఎస్ 84' డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధారం), డిగ్రీలు–నిమిషాల దశాంశాల పద్ధతిలో పెట్టుకోండి. మూడో దశాంశం దాకా రాస్తే తేడా రెండు మీటర్లలోపే ఉంటుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. లూయిస్‌విల్ చెరువుకూ ఈ పద్ధతి పనికొస్తుందా? సోనార్ (శబ్ద తరంగాలతో లోతు చూపే యంత్రం) కొనాలా?

జవాబు: పనికొస్తుంది. అక్కడి సాధారణ మట్టం 522 అడుగులు, రోజువారీ మట్టాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఆ నీటిలోనే 1957లో గండి కొట్టిన పాత గార్జా ఆనకట్ట ఉంది. దాని కట్ట వెంబడి, గండి అంచుల దగ్గర ముందుగా బిందువులు పెట్టండి. కరవు ఏడాది నీరు దిగినప్పుడు ఒడ్డు నడక తప్పనిసరి. సొంత పడవ ఉంటే సోనార్ కొనండి. ఒడ్డు నుంచే గాలం వేస్తే అక్కర్లేదు.

ప్రశ్న: ఫోన్ చాలదా?

జవాబు: మొదలుపెట్టడానికి చాలు. తడి వేళ్లకు తెర పలకదు, మే ఎండలో వేడెక్కి ఆగిపోతుంది. నడిచేముందు గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఏప్రిల్–జూన్ చిత్రాలు వెతికి, వాగు దారిని ఇంట్లోనే గుర్తించుకోండి. ఆ చిత్రాలు కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు, కాబట్టి అవి ఎటు నడవాలో చెప్పడానికే. బిందువు మాత్రం మోడు పక్కన నిలబడే పెట్టాలి.