ప్రభుత్వం వేసే డబ్బు వడ్డీకే పోతుంటే...

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా, ఆదోని దగ్గర పల్లె. మూడెకరాల వర్షాధారం చేను, పత్తి వేస్తాం. పాప ఏడో తరగతి, బాబు నాలుగు, ఇద్దరూ సర్కారు బళ్లోనే. అత్తమ్మకు వృద్ధాప్య పింఛను వస్తుంది. మా ఆయన ఖాతాలో రైతు డబ్బు, నా ఖాతాలో పిల్లల డబ్బు పడతాయి. రెండేళ్ల కింద మా మామ ఆపరేషన్‌కు మూడు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చాం. వడ్డీ కడుతున్నాం గానీ అసలు కదల్లేదు. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి, అంటే కోత కూలికి వలస పోతాం. పోయినసారి బాబును కూడా తీసుకుపోయాం. ఈసారి డబ్బు పడితే బండి కొందామని ఆయన అంటాడు, రెండు పొట్టేలు పిల్లలు తెచ్చుకుందామని నేను అంటున్నా. ఊరికే వచ్చిన డబ్బు ఊరికే పోతుందని మా మరిది ఎగతాళి. నిజంగానే నిలవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే కాగితం తీసుకుని లెక్క వేశాను. మీరూ పాప నోటుబుక్కు చివరి పేజీలో ఒకసారి వేసుకోండి.

అన్నదాత సుఖీభవ కింద రాష్ట్రం ఇచ్చే 14,000, పీఎం కిసాన్ 6,000 కలిపి రైతు డబ్బు ఏడాదికి 20,000. ఇది మూడు విడతలు. 2025 ఆగస్టు 2న తొలి విడతగా 7,000 పడింది, గుర్తుండే ఉంటుంది. తల్లికి వందనం ఒక్కో బిడ్డకు 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోతుంది, మీ ఖాతాలో పడేది 13,000. ఇద్దరికీ కలిపి 26,000. అత్తమ్మ పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. మొత్తం 94,000 రూపాయలు. వాన మొహం చాటేసిన ఏడు మూడెకరాల పత్తి ఇంత మిగల్చదని మీకు నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు పోయేది చూద్దాం. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36. మీ 60,000 మీద నెలకు 1,800, ఏడాదికి 21,600. రైతు డబ్బు మూడు విడతలూ కలిపినా 20,000 కదా. అంటే ఆ డబ్బంతా వడ్డీకే పోయి, పైన ఇంకో 1,600 మీరు కూలి డబ్బులోంచి వేసుకుంటున్నారు. డబ్బు నిలవడం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మీ చేతిలో దుబారా ఏమీ లేదు. ఒక్క అప్పు కాగితం దాన్ని తినేస్తోంది.

మీ మరిదికీ ఒక మాట చెప్పాలి. నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లోని ఏడు నగదు సాయం పథకాలను పరిశీలించారు. డబ్బు అందిన కుటుంబాలు పని తగ్గించుకున్నాయనడానికి వాళ్లకు ఎక్కడా ఆధారం దొరకలేదు. సాయం అందుకుంటూనే ఏటా సుగ్గికి పోయి మిరపకాయలు తెంపుతున్న మీ ఇంటిని చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది. ఎగతాళిని మనసుకు పట్టించుకోకండి.

ఇంకో అధ్యయనం మీకు పనికొస్తుంది. పశ్చిమ కెన్యా పల్లెల్లో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ పేద కుటుంబాలకు నేరుగా డబ్బు ఇచ్చింది. కొందరికి నెలనెలా, కొందరికి ఒకేసారి. నెలనెలా అందినవాళ్ల ఇళ్లలో తిండికి కొరత తగ్గింది. ఒకేసారి అందినవాళ్లు నాలుగు కాలాలు ఉండే వాటి మీద పెట్టారు. గడ్డి కప్పు తీసేసి రేకులు వేసుకున్నవాళ్లు ఎందరో. డబ్బు ఏ రూపంలో వస్తే ఆ పనికే పోతుంది, అందరికీ ఉండేదే ఇది. మీకు రెండు రూపాల్లోనూ వస్తోంది. నెలనెలా వచ్చేది ఇల్లు గడవడానికి, ఒక్కసారిగా వచ్చేది అప్పు మీదికి. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకుంటే సగం పని అయినట్టే.

పింఛను సంగతి ముందు తేల్చేద్దాం. అది అత్తమ్మ డబ్బు. ఒకటో తారీకున ఇంటికొచ్చి ఆమె చేతిలో పెడతారు, ఆమె చేతిలోనే ఉండాలి. మందులు, పాలు, ఆమెకు నచ్చిన తిండి, ఆ తర్వాతే మిగతావి. ఇంట్లోకి ఎంత ఇస్తుందో ఆమెనే చెప్పనివ్వండి. దాన్ని అప్పు లెక్కలోకి లాగొద్దు.

ఇక అప్పు. జూన్‌లో పిల్లల డబ్బు 26,000 పడగానే 6,000 పిల్లలకు పక్కన పెట్టండి. సర్కారు బడి కాబట్టి పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు అక్కడే ఇస్తారు, చిల్లర ఖర్చులకు ఇది సరిపోతుంది. మిగిలిన 20,000 అసలుకు కట్టేయండి. పిల్లల డబ్బు అప్పుకా అని మీకు మనసొప్పకపోవచ్చు. కానీ ఆ అప్పే కదమ్మా మీ బాబును బడి మాన్పించి మిరప చేనుకు తీసుకుపోయింది. ఇది పిల్లల కోసం పెట్టే ఖర్చే.

మిగిలే 40,000 కట్టేయడానికి మీ డ్వాక్రా గ్రూపులో అప్పు అడగండి. గ్రూపులో లేకపోతే ఈ వారమే చేరండి. గ్రూపుకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణానికి వడ్డీ రూపాయి కంటే తక్కువే పడుతుంది, నేను లెక్కకు రూపాయనే వేశాను. 40,000ను 24 నెలల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 1,885. ఇప్పుడు ఉత్త వడ్డీకే 1,800 పోతోంది కదా. దానికి ఇంకో 85 రూపాయలు కలిపితే రెండేళ్లకు అసలుతో సహా తీరిపోతుంది. ఈ ఒక్క లెక్క ఇంట్లో అందరికీ చదివి వినిపించండి, బండి అడుగుతున్న ఆయనకు కూడా.

ఆ కిస్తీకి డబ్బు రైతు సాయంలోంచే వస్తుంది. 7,000 విడత పడిన రోజే దాన్ని మూడున్నర నెలల కిస్తీగా తీసి పెట్టుకోండి. ఏడాది కిస్తీలు 22,620, సాయం 20,000, తేడా 2,620. అది కూలిలో సర్దుకోవచ్చు. సేద్యం ఖర్చుకు ఏం మిగులుతుందని ఆయన అడుగుతాడు. ఇప్పుడూ ఏమీ మిగలడం లేదు, అదంతా వడ్డీకే పోతోంది. ఎరువులకు, విత్తనాలకు పాసుపుస్తకం మీద బ్యాంకులో పంట రుణం తీసుకోండి. వడ్డీ ఏడు శాతం, గడువులోగా కడితే నాలుగే పడుతుంది. అంగట్లో అరువు తెచ్చి పంట వాళ్లకే కట్టబెట్టడం ఆగుతుంది.

ఈ ఆఖరి మాటను కొంచెం వివరంగా చెప్పాలి. నేను చూసిన ఇళ్లలో అప్పు తీరాక వచ్చిన అసలు మార్పు ఇక్కడే. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కొనదు. తడి పత్తిని ఆరబెట్టాలి, పేరు నమోదు చేయించుకోవాలి, వంతు కోసం ఆగాలి. నెత్తిన వడ్డీ ఉన్న రైతు ఆగలేడు. తీసిన పత్తి తీసినట్టే ఇంటి ముందుకొచ్చిన ఆటోలో వేసేస్తాడు, ఎంతిస్తే అంత. ఇంట్లో నెల ఖర్చుకు డబ్బుండి, గుమ్మంలో అప్పులవాడు లేకపోతే అదే రైతు పది రోజులు ఆగుతాడు. సాయం డబ్బు కొనిచ్చేది ఆ పది రోజులను.

సావుకారుకు కట్టేటప్పుడు జాగ్రత్త. ప్రోనోటు వెనక చెల్లు, అంటే ఇంత ముట్టిందన్న రాత, రాయించకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. జూన్‌లో 20,000 ఇచ్చినప్పుడు అప్పటిదాకా వడ్డీ ఏమీ బాకీ లేదని, ఇది అసలుకే జమ అని, తారీకుతో సహా రాయించండి. మూడేళ్లు కావస్తోంది, నోటు తిరగరాద్దాం అని ఆయన అంటే వడ్డీని అసలులో కలిపేస్తున్నారేమో చూసుకోండి. పూర్తిగా కట్టిన రోజు నోటు చేతికి తీసుకునే లేవండి. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా నాన్న ఉల్లిగడ్డలు అమ్మిన రోజే ఒకాయనకు బాకీ మొత్తం కట్టేశాడు. నోటు ఇంట్లో ఉంది, రేపు పంపిస్తానన్నాడాయన. ఆ అప్పిచ్చినాయన పోయిన తర్వాత ఆయన కొడుకు ఆ నోటు పట్టుకొచ్చాడు. రెవెన్యూ స్టాంపు మీదుగా మా నాన్న వంకర సంతకం, వెనక్కి తిప్పితే తెల్ల కాగితం. ఒక్క చెల్లు లేదు. అదే అప్పు రెండోసారి కట్టాం.

బండి, పొట్టేళ్ల విషయం. ఆయన బండి అడగడంలో తప్పేమీ లేదు, ఆదోనికి కూలికి పోవాలన్నా బండి ఉంటే సుఖం. కానీ ఇప్పుడు కొంటే ఒక అప్పు మీద ఇంకో అప్పు. అప్పు తీరాక పాత బండి చూసుకోవచ్చు. మీ పొట్టేలు పిల్లలు మాత్రం రెండో ఏడాది జూన్‌లో తెచ్చుకోండి. అప్పటికి మళ్లీ 26,000 పడుతుంది, అసలుకు కట్టాల్సిన పని ఉండదు. ఆరు నెలలు పెంచి పండగ ముందు అమ్మితే ఆ డబ్బు మీ ఇంటి మొదటి పొదుపు అవుతుంది.

బ్యాంకులో ఒక పని ఉంది. సాయం డబ్బు ఆధార్ చివరగా ఏ ఖాతాకు లింకైందో అందులోకే పోతుంది. మీ ఇద్దరివీ ఏ ఖాతాలో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. అక్కడే ఆయన పేరు మీద, మీ పేరు మీద రెండు బీమాలు రాయించండి. ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436, ఒక్కోదాని కింద 2 లక్షలు. మే చివర్లో ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోవాలి. సుగ్గికి ట్రాక్టర్లలో, ఆటోల్లో కిక్కిరిసి పోయేవాళ్లకు ఇది లేకపోతే నాకు నిద్ర పట్టదు.

చివరగా బాబు. తల్లికి వందనానికి 75 శాతం హాజరు ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా వాడు మిరప చేలో ఉంటే ఆ 13,000కే ఎసరు. తొమ్మిదేళ్ల పిల్లాడు మూడు నెలల్లో తెంపే కాయలకు అంత కూలి ఎక్కడిది? అదీగాక నాలుగో తరగతి పాఠాలు పోతే ఐదులో వెనకబడతాడు, ఆపైన బడి అంటేనే మొహం తిప్పుకుంటాడు. అత్తమ్మ దగ్గర పిల్లలిద్దరినీ ఉంచే వీలు ఇప్పుడు మీకుంది. ఆమెకు నెలకు 4,000 వస్తోంది, రేషన్ బియ్యం ఉన్నాయి, మధ్యాహ్నం భోజనం బళ్లోనే. ఆమెకు ఓపిక లేకపోతే వలస వెళ్లేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఉందేమో హెడ్మాస్టరును డిసెంబరులోనే అడగండి. సుగ్గికి కూలీలను కుదుర్చుకునే మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడానికి ఇంటికొచ్చినప్పుడు మీ ఇద్దరి పేర్లే రాయించండి.