గర్భిణుల మీద పరిశోధనల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. ‘గర్భిణికి బీపీ ముప్పు: ఒక్క రక్తపరీక్షతో ముందే పసిగట్టొచ్చు’ అన్న శీర్షిక చూడగానే, అప్పటికే ఎక్కడైనా అచ్చుకు ఇచ్చేశావేమోనని కాస్త టెన్షన్ పడ్డాను. ఇంకా ఇవ్వలేదన్నావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు బాగున్నది చెబుతాను. ప్రీఎక్లాంప్సియా అని రాసి వదిలేయకుండా, ఇరవై వారాలు దాటాక బీపీ 140/90కి చేరడం, దాంతోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతినడమో అని వివరించావు. ముదిరితే ఫిట్స్ వస్తాయనీ, దాన్నే పాతవాళ్లు గుర్రపువాతం అనేవారనీ రాశావు. చదివే ఆవిడకు వాళ్ల అమ్మమ్మ చెప్పిన సంగతేదో గుర్తొస్తుంది. అది ఉంచు.

ఇక పేచీ అంతా ఆ శీర్షికతోనే. నువ్వు ఆధారం చేసుకున్నది 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అధ్యయనం. అందులో ఎవరిని పరీక్షించారో మళ్లీ చూడు. దారిన పోయే గర్భిణులను కాదు. బీపీ కాస్త పెరగడమో, తలనొప్పో, వాపులో ఉండి డాక్టరుకు అప్పటికే అనుమానం వచ్చినవాళ్లను. వాళ్ల రక్తంలో ఎస్ఎఫ్ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రొటీన్ల నిష్పత్తి చూశారు. అది 38 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, రాబోయే వారంలో జబ్బు రాదని 99.3 శాతం ధీమాగా చెప్పగలిగారు. మరి 38 దాటితే? నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చింది 36.7 శాతం మందికే. అంటే పరీక్షలో ‘ఎక్కువ’ అని వచ్చిన ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరికి ఆ నాలుగు వారాల్లో జబ్బు రాలేదు.

కాబట్టి ఆ పరీక్ష బలం ముప్పు పసిగట్టడంలో కన్నా, ‘ఈ వారానికి భయం లేదు, ఇంటికెళ్లు’ అని చెప్పడంలో ఉంది. అది చిన్న విషయమేం కాదు. ఆసుపత్రిలో మంచం పట్టి పడుకోవలసిన అమ్మాయి ఇంట్లో నిద్రపోతుంది. కానీ నీ శీర్షిక దీన్ని తలకిందులు చేసింది. ఆ అధ్యయనానికి డబ్బు పెట్టింది ఆ పరీక్ష అమ్మే రోష్ సంస్థేనన్న మాట కూడా రాయాలి. అంతమాత్రాన ఫలితం అబద్ధమైపోదు గానీ, చదివేవాళ్లకు తెలియాలి కదా.

ఈ రంగంలో ఏ పరిశోధన చేతికొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ముందే తెలిస్తే ఆ మనిషికి ఏం చేయగలం? దీనికి జవాబు లేకపోతే, జోస్యం ఎంత గొప్పదైనా గర్భిణికి మిగిలేది నిద్ర లేని రాత్రులే. జవాబు ఉంటే నీ వ్యాసం అక్కణ్నుంచి మొదలవ్వాలి. నువ్వు జవాబును చివరి పేరాలో ఒక్క ముక్కలో తేల్చేశావు: ‘ఆస్పిరిన్‌తో 62 శాతం తగ్గుతుంది’ అని. అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ కథ నలభై ఏళ్లకు పైబడినది. క్రమం తప్పకుండా ఆస్పిరిన్ వాడిన గర్భిణుల్లో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తోందని 1979లోనే లాన్సెట్ పత్రికలో ఒక చిన్న లేఖ వచ్చింది. తర్వాత వచ్చిన చిన్న ప్రయోగాలు ఆశ పెంచాయి. 1994లో క్లాస్ప్ అనే పెద్ద ప్రయోగం, 9,364 మందితో, ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. రోజుకు 60 మిల్లీగ్రాములు ఇస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చాలామంది అక్కడితో ఆస్పిరిన్ పని అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నదే తేలాల్సి ఉంది.

‘ఎప్పుడు’ అన్నది ఎందుకంత ముఖ్యమో ఒక పేరా పెట్టి వివరించు, నీకా నేర్పు ఉంది. గర్భం మొదటి సగంలో మాయ (ప్లాసెంటా) కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. ఆ పని సరిగా జరగకపోతే, బోదె పూడిపోయిన చేనులాగా మాయకు రక్తం చాలదు. అలా ఇబ్బందిపడే మాయ నుంచి ఎస్ఎఫ్ఎల్‌టీ-1 ఎక్కువగా తల్లి రక్తంలోకి చేరుతుంది. అది పీఎల్‌జీఎఫ్‌ను పట్టేసుకుని పనిచేయనివ్వదు, దాంతో తల్లి ఒంట్లోని రక్తనాళాలు దెబ్బతింటాయి. ఈ ముడి విప్పిన కీలక పరిశోధన 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం చేసింది. అంటే ఏడో నెలలో కనిపించే బీపీకి బీజం మూడు, నాలుగు నెలల్లోనే పడుతుంది. ఆస్పిరిన్ ఆలస్యంగా మొదలుపెడితే అంతగా ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి ఊహించొచ్చు.

2017 నాటి ఆస్ప్రే ప్రయోగం సరిగ్గా ఇక్కడే పట్టు బిగించింది. దాదాపు 27 వేల మందిని 11 నుంచి 13 వారాల మధ్య వడపోశారు. ఆరోగ్య చరిత్ర, బీపీ, గర్భసంచి రక్తనాళాల్లో ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, రక్తంలో రెండు ప్రొటీన్లు, అన్నీ కలిపి లెక్కేసి ముప్పు ఎక్కువని తేలినవాళ్లలో 1,776 మందిని తీసుకున్నారు. సగం మందికి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర, 36 వారాల దాకా. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సివచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్రవాళ్లలో 4.3 శాతానికి వస్తే, ఆస్పిరిన్‌వాళ్లలో 1.6 శాతానికి వచ్చింది.

నువ్వు రాసిన 62 శాతం ఇదే. తప్పు కాదు, కానీ సగం మాటే. వెయ్యి మందిలో 43 మంది కాస్తా 16 అయ్యారు అని రాస్తే చదివేవాళ్లకు కొలత దొరుకుతుంది. ఆ వెయ్యి మందీ ముప్పు ఎక్కువున్నవాళ్లేనని అదే వాక్యంలో చెప్పాలి. నెలలు నిండాక వచ్చే ప్రీఎక్లాంప్సియా విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నది పక్క వాక్యంలోనే రావాలి. ఇవి లేకపోతే ఏమవుతుందో తెలుసుగా. ఎవరో ఒకావిడ నీ వ్యాసం ఫోన్‌లో చదివి, భర్తను మెడికల్ షాపుకు పంపి ఎకోస్ప్రిన్ అనే ఆస్పిరిన్ మాత్రలు తెప్పించుకుంటుంది. చీటీ అడగని షాపులు మన ఊళ్లలో లేవని నువ్వూ నేనూ ఒట్టేయలేం.

తర్కం బాగుంటే చాలదన్నదానికి ఇంకో ఉదాహరణ, రెండు వాక్యాల్లో పెట్టుకో. విటమిన్ సి, ఇ ఇస్తే ఈ జబ్బు ఆగుతుందని చాలామంది నమ్మారు. 2006లో బ్రిటన్ ప్రయోగంలో ఆగలేదు సరికదా, తక్కువ బరువు పిల్లలు ఎక్కువ పుట్టారు.

‘మగవాణ్ణి, పెళ్లి కూడా కాలేదు, ఈ విషయం నేను రాయొచ్చా అక్కా’ అని అడిగావు. నిక్షేపంగా రాయొచ్చు. కాకపోతే పేపర్లు చదివి మాత్రమే రాయకు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం. ఆ రోజు పెద్ద డాక్టరు అనుమతి తీసుకుని మీ పీహెచ్‌సీ బెంచీ మీద ఓ పూట కూర్చో. బీపీ ఎలా చూస్తున్నారో గమనించు. ఆటో దిగి ఎండలో నడిచొచ్చిన మనిషికి ఆయాసం తీరిందా లేదా, పట్టీ జాకెట్టు చేతి మీదే కట్టారా, ఆ పట్టీ ఆ చేతికి సరిపోయిందా, చూస్తున్నంతసేపూ పక్కావిడతో మాట్లాడిస్తున్నారా. ఆస్ప్రే తరహా వడపోతలో అయితే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసుకోనివ్వకుండా, రెండు చేతులకూ, రెండేసి సార్లు చూడాలన్నది నియమం. ఆ లెక్కలో కంప్యూటర్‌కు ఎక్కే అంకె అది. మన కార్డులో ఎక్కే అంకె ఏదో నీకు బెంచీ మీద కూర్చుంటే తెలుస్తుంది. నర్సమ్మను తప్పుపడుతూ మాత్రం రాయకు, ఆ వరుస ఎంత పొడుగుందో కూడా చూసి రా.

మన దగ్గర ఇంకో చిక్కుంది, విదేశీ పేపర్లలో కనిపించదు. తొలి కాన్పుకి అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళుతుంది. ఊరు మారుతుంది, డాక్టరు మారతారు, ఆశా కార్యకర్త మారుతుంది. మూడో నెల స్కాన్ రిపోర్టు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. గర్భం మధ్యలో బీపీ సహజంగానే కాస్త తగ్గుతుంది కాబట్టి, మొదటి నెలల అంకె చేతిలో లేకపోతే ఆవిడకు ముందునుంచే బీపీ ఉందో, ఇప్పుడే వచ్చిందో కొత్త డాక్టరుకు తేల్చుకోవడం కష్టం. ‘పాత కాగితాలన్నీ వెంట పట్టుకెళ్లండి’ అని ఒక వాక్యం రాశావంటే, అది నీ వ్యాసంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే వాక్యం కావచ్చు.

వారాల లెక్కదీ ఇదే తంతు. జోస్యం చెప్పే ప్రతి సూత్రానికీ ఎన్నో వారమో సరిగ్గా తెలియాలి. వారాలు లెక్కగట్టడానికి స్కాన్ మెషీన్లలో విరివిగా వాడే హ్యాడ్‌లాక్ సూత్రం అమెరికా గర్భిణుల కొలతలతో కట్టింది. అందుకే ఫరీదాబాద్‌లోని టీహెచ్ఎస్‌టీఐ అనే పరిశోధన సంస్థ, ఐఐటీ మద్రాస్ కలిసి, గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రికి వచ్చిన గర్భిణుల సమాచారంతో గర్భిణి-జీఏ2 అనే నమూనా తయారుచేసి 2024లో ప్రకటించాయి. మంచి పనే. కానీ ‘భారతీయ మహిళలకు’ అని ఒక్క ఊపులో రాసేముందు ఆగు. గురుగ్రామ్ గర్భిణికి సరిపోయింది పాడేరు కొండల మీద గర్భిణికి ఎంతవరకు సరిపోతుందో పరీక్షించారా అని అడుగు. ఆ ప్రశ్న నువ్వు అడగకపోతే తెలుగులో అడిగేవాళ్లు ఎక్కువమంది లేరు.

జోస్యంతో పనిలేకుండా ప్రాణం కాపాడే పరిశోధనలకూ చోటివ్వు. 2002లో 33 దేశాల్లో పదివేలమందికి పైగా మీద జరిగిన మాగ్‌పై ప్రయోగం, ప్రీఎక్లాంప్సియా వచ్చేశాక కూడా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్‌తో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది. పాత మందు, చవక మందు. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన ఈ-మోటివ్ ఇంకా ముచ్చటైనది. కాన్పయ్యాక రక్తం ఎంత పోయిందో కంటి అంచనాతో చెప్పడం మానేసి, గీతలున్న ప్లాస్టిక్ షీటు కింద పరిచి కొలిచారు. గీత దాటగానే మసాజ్, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి. మామూలు పద్ధతిలో సగం మందిలోనే పసిగట్టిన అధిక రక్తస్రావాన్ని ఇక్కడ 93 శాతం మందిలో పసిగట్టారు. తీవ్ర పరిణామాలు 4.3 శాతం నుంచి 1.6కి దిగాయి. అవును, ఆస్ప్రే అంకెలే! వట్టి కాకతాళీయం. నోట్సు కలగాపులగం అయితే ఒకదాని అంకె ఇంకోదాంట్లో పడిపోతుంది, జాగ్రత్త.

నీ తర్వాతి వ్యాసానికి నేనైతే కాల్షియం మాత్రల సంగతి ఎంచుకుంటాను. ఎవరూ శీర్షిక పెట్టని వార్త. ఈ జబ్బు ముప్పు తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, తిండిలో కాల్షియం తక్కువున్న చోట్ల రోజుకు 1,500 నుంచి 2,000 మిల్లీగ్రాములు ఇమ్మంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో 500వి రెండు మాత్రలు. బెంగళూరులో 11,000 మంది తొలిచూలు గర్భిణుల మీద చేసి 2024లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు 500 ఇచ్చినవాళ్లలో 3 శాతానికి, 1,500 ఇచ్చినవాళ్లలో 3.6 శాతానికి ప్రీఎక్లాంప్సియా వచ్చింది. తక్కువ మోతాదు ఏమీ తీసిపోలేదన్నమాట. మింగలేక మాత్రలు గూట్లో దాచే అమ్మాయిలున్న దేశంలో ఇది పెద్ద వార్త. అలాగని డాక్టరు రాసిన రెండో మాత్ర మానేయమన్నట్టు మాత్రం వినిపించకూడదు.

ఇక దిద్దుబాట్లు. శీర్షిక మార్చు. మూడో పేరాలో ‘తగిన జాగ్రత్తలు తీసుకోకపోవడం వల్ల’ అన్న మాట పూర్తిగా తీసెయ్యి. తొలి కాన్పు, కవలలు, వయసు, షుగర్, ముందునుంచీ ఉన్న బీపీ, వీటిలో ఆవిడ చేసిన నేరం ఏముంది? ఆ మాట చదివి ఆవిడను సాధించడానికి ఇంట్లో మనుషులు సిద్ధంగా ఉంటారు. తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లమన్న పెట్టెను చివర్నుంచి తీసి పైకి ఎక్కించు. ప్రతి అంకె పక్కనా ఏ పట్టికలోంచి తీశావో పెన్సిల్‌తో రాసి పంపు, నేనూ ఓసారి సరిచూస్తాను. పెద్ద డాక్టరుతో మాట్లాడేటప్పుడు, మీ ఆసుపత్రిలో మూడో నెలలోనే ఆస్పిరిన్ ఎవరికి మొదలుపెడుతున్నారో, దాన్ని ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నారో తప్పకుండా అడుగు.

ఉంటాను,
అక్క