రెండు వారాల బాబుకి పాలు చాలట్లేదంటున్నారు, డబ్బా పాలు మొదలుపెట్టాలా?

ప్రశ్న చదవగానే ఒళ్ళు మండింది, మీ మీద కాదండీ, ఆ "అంటున్నారు" మీద. బాబు గంటకోసారి ఏడుస్తున్నాడు, సాయంత్రం అయితే అసలు వదలడు, పంపు పెట్టి చూస్తే 30 ఎంఎల్ కూడా రాలేదు అని రాశారు కదా, నా పెద్దదానప్పుడు నేను అచ్చం ఇలాగే ఏడ్చుకుంటూ కూర్చున్నా. నాకు ఇద్దరు, పెద్దదానికి ఏడాదిన్నర దాకా, చిన్నోడికి రెండేళ్ళు దాటేదాకా నా పాలు ఇచ్చాను, కాబట్టి కాస్త గట్టిగానే చెప్తా: నిజంగా పాలు పడని తల్లులు ఉంటారు గానీ చాలా తక్కువ, బిడ్డని రొమ్ముకి ఎలా పట్టించాలో ఎవరూ చూపించని తల్లులే ఎక్కువ.

పెద్దది పుట్టిన పదకొండో రోజు. చనుమొనలు రెండూ పగిలిపోయి ఉన్నాయి, పాప నోరు పెట్టిందంటే కాలి వేళ్ళు ముడుచుకుపోయేవి, పళ్ళ మధ్య టవల్ కొరుక్కుని పట్టేదాన్ని. బయటికి తీస్తే చనుమొన కొస కొత్త లిప్‌స్టిక్ లాగా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉండేది, అది పాప సరిగ్గా పట్టట్లేదనడానికి ఒక గుర్తు అని నాకేం తెలుసు, పాలు పట్టడమంటే ఇంతే నరకం కాబోలు అనుకున్నా. ఆ రాత్రి రెండింటికి పాప కక్కింది. తెల్లటి పాలల్లో సన్నగా ఎర్రటి చార. రక్తం. మా ఆయన కారు తాళాలు చేతిలో పెట్టుకునే తాళాల కోసం ఇల్లంతా వెతికాడు, ఎలా వెళ్ళామో హాస్పిటల్‌కి నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు.

డ్యూటీ డాక్టర్ పాపని చూసి పాపకి ఏం కాలేదు, అది మీ రక్తమే, పగుళ్ళలోంచి పాలతో పాటు మింగింది అన్నాడు, అక్కడిదాకా బాగానే ఉంది, ఆ వెంటనే తల కూడా ఎత్తకుండా "నొప్పైతే డబ్బా పాలు పట్టండి" అని చీటీ రాసేశాడు. పక్కనే ఉన్న పెద్దావిడ, నర్సు, ఆయన అటు వెళ్ళగానే కుర్చీ లాక్కుని "ఏదీ ఒకసారి పట్టమ్మా, చూస్తాను" అంది. పట్టాను. "అయ్యో, నువ్వు పాప మీదకి వంగుతున్నావేంటి, పాపనే నీ దగ్గరికి తెచ్చుకో" అని వీపు వెనక దిండు పెట్టి, పాప పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పి, ముక్కు చనుమొనకి ఎదురుగా పెట్టి ఆగమంది. ఆగాను. పాప ఆవలించినంత పెద్దగా నోరు తెరిచింది, ఠక్కున దగ్గరికి నొక్కింది ఆవిడ, ముందు గడ్డం తగిలింది, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళింది. నొప్పి లేదు! అప్పటిదాకా చప్ చప్ అని చప్పుడే తప్ప వినబడనిది, మొదటిసారి "గుటుక్" అని మింగడం వినిపించింది. మొత్తం మీద ఐదు నిమిషాలు పట్టిందేమో. పదకొండు రోజుల్లో ఆ ఐదు నిమిషాలు ఎవరికీ కుదరలేదు నా కోసం, డిశ్చార్జ్ రోజు బిల్లు గురించి మాత్రం గంటన్నర కూర్చోబెట్టారు.

సరిగ్గా పట్టకపోతే లాగేయకండి, మీ చిటికెన వేలు బాబు నోటి పక్కనుంచి లోపలికి పెడితే పట్టు వదులుతాడు, మళ్ళీ పట్టించండి. ఇదీ ఆవిడే చెప్పింది.

ఇక పంపు. పంపులో వచ్చింది చూసి మీ పాలు ఇంతే అనుకోకండి ప్లీజ్. బిడ్డ లాగినట్టు మెషిన్ లాగలేదు, పైగా దాని వైపే గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటే పాలు చేపుకే రావు. అదే ఆఫీసులో ఎవరిదో ఫోన్‌లో వీడియోలో చంటిబిడ్డ ఏడిస్తే చాలు, మీటింగ్ మధ్యలో నా చొక్కా తడిసిపోయింది. పాలు తీసుకోడానికి వాళ్ళు ఇచ్చిన "గది" ఏంటో తెలుసా, పాత ప్రింటర్లు పడేసే స్టోర్ రూమ్, గడియ కూడా లేదు, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకునేదాన్ని. సరే, దాని గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

సాయంత్రాలు వదలకపోవడం కూడా పాలు చాలకే అని కాదు, ఈ వయసులో చాలామంది పిల్లలు అంతే, వరసగా గంటలు గంటలు తాగుతారు. ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, అలా వాడే ఎక్కువ పాలు తెప్పించుకుంటున్నాడన్నమాట. అడ్డం వచ్చి సీసా ఇస్తే ఆ పూట ఒంటికి "ఇంకా కావాలి" అన్న కబురు అందదు, నాలుగు రోజులకి నిజంగానే తగ్గుతాయి, అప్పుడు "చూశావా, మేం చెప్పలా" అంటారు. మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి "చాలుతున్నాయా అమ్మా" అని రోజుకి పదిసార్లు అడిగేది, పాపం ప్రేమే, కానీ ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు నా మీద నమ్మకం ఇంత పోయేది. దాహమేమో నీళ్ళు పట్టు అనేవాళ్ళు వేరే. ఆరు నెలల దాకా పాలు తప్ప చుక్క నీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే.

ఇంత మాట్లాడుతున్నా కదా, చిన్నోడికి నేనే డబ్బా పాలు పట్టాను, నాలుగు రోజులు. పుట్టిన బరువులో 11 శాతం తగ్గిపోయాడు, మా డాక్టరు ముందు రొమ్ము, తర్వాత కాస్త ఫార్ములా అంది, పట్టాను, పుంజుకున్నాడు, ఆపేశాను. అది డాక్టరు కాటా చూసి చెప్పిన మాట, పక్కింటావిడ బాబు మొహం చూసి చెప్పిన మాట కాదు.

కాబట్టి మీరూ కాటానే చూడండి. మొదటి రోజుల్లో కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి వచ్చేయాలి, ఆ తర్వాత రోజుకి 20, 30 గ్రాములు పెరుగుతుంటే నిశ్చింతగా ఉండండి. రోజుకి ఆరో అంతకన్నా ఎక్కువో డైపర్లు బాగా తడవాలి. అలా కాకుండా మరీ మగతగా ఉండి పాలకే లేవట్లేదు, డైపర్లు తడవట్లేదు అంటే ఈ ఇంటర్నెట్ సలహాలన్నీ పక్కన పడేసి ఈరోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. లేదంటే రేపు పొద్దున ఇంతకుముందు తూచిన కాటా మీదే, బట్టలు డైపర్ తీసేసి బరువు చూపించండి, పట్టించేది కూడా ఎదురుగా చూసి సరిచేసే నర్సు ఎవరైనా ఉన్నారేమో అడగండి. బరువు ఎంత ఉన్నాడో చూసి చెప్పండి.