పిలకగా ఉన్నప్పుడు రెండు వరుసల్లో వచ్చిన కలబంద ఆకులు ముదిరాక చుట్టూ ఎందుకు తిరుగుతాయి?

కావలిలోని మీ పెరటి కలబంద ఆకుల అమరిక ఇలా మారిందని, అది మరో జాతిదేమోనని అడిగారు; కాదు. కలబంద పెరిగే తీరే అది. పిలక దశలో ఆకులు ఎదురెదురుగా రెండు వరుసల్లో, తెల్లని మచ్చలతో వస్తాయి. కాండం చాలా పొట్టిది, కణుపుల మధ్య ఎడం దాదాపు ఉండదు; మొక్క ముదిరేకొద్దీ ప్రతి కొత్త ఆకూ కాస్త పక్కకు తిరిగి పుడుతుంది; అందువల్ల ఆకులన్నీ దగ్గరదగ్గరగా చేరి గుండ్రని గుత్తిలా అమరుతాయి. ఇలా అమరినప్పుడు ఒక ఆకు నీడ మరొక ఆకుపై తక్కువగా పడుతుంది.

ఒక ఆకును అడ్డంగా కోసి చూడండి. తొక్క కిందనుంచి కారే పసుపుపచ్చని చేదు రసం వేరు, నడుమనున్న పారదర్శకమైన గుజ్జు వేరు. ఆ రసం ఎండితే వచ్చేదే పచారీ కొట్లలో దొరికే ముసాంబరం. గుజ్జు నీటి నిల్వ. పైగా ఈ మొక్క పత్రరంధ్రాలను, అంటే ఆకు మీది సన్నని గాలి రంధ్రాలను, రాత్రిపూట తెరిచి, పీల్చిన కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా దాచుకొని, పగలు రంధ్రాలు మూసి ఆ నిల్వతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. ఉదయగిరి మెట్టలో రోహిణీ కార్తె ఎండలకూ ఇది వాడిపోకపోవడానికి ప్రధాన కారణం ఇదే. మనదేననిపించినా, దీని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పం.

చేలగట్ల మీది కిత్తనారను కూడా కొందరు కలబందే అంటారు, అది పొరపాటు. అమెరికా ఖండం నుంచి వచ్చిన కిత్తనారకు పూకాడ గుత్తి నడినెత్తిన లేస్తుంది కనుక ఒక్కసారి పూసి ఆ గుత్తి చచ్చిపోతుంది. కలబందకు ఆకు పంగలోనుంచి లేస్తుంది కనుక అది మళ్లీ మళ్లీ పూస్తుంది.