ట్రేడింగ్ కోచింగ్‌కు 70,800 కట్టాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. చేతికి 32,000 వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమె జీతం 14,000. నాలుగేళ్ల పాప ఉంది. బ్యాంకులో 1,60,000 దాచుకున్నాం. పాకాల దగ్గర నాన్నకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2025లో కాయ ధర పడిపోయినప్పటి నుంచి ఇంటికి నేనే కొంత పంపుతున్నాను. మొన్న తిరుపతిలో ఒక హోటల్ హాల్లో జరిగిన ఉచిత ట్రేడింగ్ తరగతికి వెళ్లాను. మూడు నెలల కోర్సుకు 60,000, జీఎస్టీతో 70,800 అన్నారు. వడ్డీ లేకుండా ఆరు వాయిదాల్లో కట్టవచ్చట. నేర్చుకున్నాక లక్ష లోపు పెట్టుబడితో రోజుకు రెండు వేలు వస్తాయని, మార్కెట్ నడుస్తుండగానే తెర మీద చూపిస్తూ నేర్పుతామని, తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో రోజూ ఏది కొనాలో చెబుతామని అన్నారు. సీటు కోసం 2,000 కట్టాను. ఆదివారంలోగా తేల్చుకోవాలి. చేరమంటారా?

జవాబు: చేరవద్దు. గడువు దగ్గరలో ఉంది కాబట్టి ముందే చెప్పేశాను. కారణాలు తీరిగ్గా చదవండి, నచ్చకపోతే మీ నిర్ణయం మీది.

మీ నాన్నగారి తోట సంగతి చదివి కాసేపు ఆగాను. 2025 సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరడం మన జిల్లాలో అందరూ చూసిందే. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామని ప్రకటించినా, కాయను రోడ్డు పక్కన పారబోసి వెళ్లినవారు ఉన్నారు. అలాంటి ఏడాది తర్వాత కొడుకు రెండో ఆదాయం కోసం వెతకడం న్యాయమైన పని. అయితే అవసరం గట్టిగా ఉన్నప్పుడు ఎదుటివారి లెక్కను సరిచూసుకునే ఓపిక మనకు తగ్గుతుంది. అందుకే ఆ లెక్క నేను చేసి చూపిస్తాను.

మీ 1,60,000లో ఫీజు పోతే మిగిలేది 89,200. వాయిదాల్లో కట్టినా ఆ డబ్బు మీ ఇంట్లోంచే పోవాలి. రోజుకు రెండు వేలు అంటే నెలకు ఇరవై రోజుల మార్కెట్‌కు 40,000. 89,200 మీద 40,000 అంటే నెలకు 45 శాతం, ఏడాదికి కాదు. ఆ లాభాన్ని తీసుకోకుండా అలాగే తిప్పితే మొదటి ఏడాది చివరికి సుమారు 77 లక్షలు అవుతుంది. రెండో ఏడాది చివరికి 66 కోట్లు దాటుతుంది. కాలిక్యులేటర్ తీసి 1.45ను పన్నెండు సార్లు గుణించి చూడండి, 86 రెట్లు వస్తుంది. ఏ దేశంలోనూ ఏ నిధి నిర్వాహకుడూ ఏటా ఇలా సంపాదించలేదు. ఆ హాల్లో తెర మీద వేసిన అంకె ఒక రోజుది అయి ఉండవచ్చు, ఒక వారానిది అయి ఉండవచ్చు. దాన్ని జీతంలా నెల నెలా వచ్చేదిగా చెప్పిన చోటే అది అబద్ధం అయింది.

ఇక ఫీజు తిరిగి రాబట్టుకోవడానికే ఆ 89,200 మీద 79 శాతం లాభం రావాలి. అప్పటికి మీరు సున్నా దగ్గర ఉంటారు.

వారు చెప్పని ఖర్చు మరొకటి ఉంది. లక్ష రూపాయల షేర్లు ఉదయం కొని మధ్యాహ్నం అమ్మారనుకోండి. తక్కువ రుసుము తీసుకునే చాలా డిస్కౌంట్ బ్రోకర్ల దగ్గర కొనడానికి 20, అమ్మడానికి 20. ఆ నలభై మీద జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు. అమ్మకం మీద లావాదేవీ పన్ను 25, స్టాంపు డ్యూటీ 3, ఆపైన ఎక్స్ఛేంజీ రుసుములు. అన్నీ కలిపి 80 దాటుతుంది. రోజుకు రెండుసార్లు చేస్తే నెలకు 3,200, ఏడాదికి 38,400. లాభం వచ్చినా రాకపోయినా మీ పెట్టుబడిలో 43 శాతం ఈ దారిలోనే పోతుంది.

చిత్తూరులో టైర్ల దుకాణం నడిపే ఒకాయన ఇలాంటి కోర్సుకే 45,000 కట్టి, పదకొండు నెలల తర్వాత కాంట్రాక్ట్ నోట్లన్నీ (ప్రతి కొనుగోలు, అమ్మకానికి బ్రోకరు పంపే బిల్లులు) ప్రింట్ తీయించి నా దగ్గరికి తెచ్చారు. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 212 లావాదేవీలు. 131 లాభంలో, 81 నష్టంలో ముగిశాయి. అంటే ఆయన అంచనా పదింట ఆరుసార్లు నిజమైంది, కోర్సు పనిచేయలేదని అనడానికి లేదు. ఖర్చులకు ముందు 6,400 లాభం ఉంది. ఖర్చులు 17,300. చివరికి 10,900 నష్టం, కోర్సు ఫీజు వేరే. ఆ కట్టలో ఒక కాగితం మూల మడిచి ఉంది. షేరు పడుతుంటే సగటు ధర తగ్గుతుందని మళ్లీ మళ్లీ కొంటూ పోయిన మధ్యాహ్నం అది, ఒక్క పూటలో 14,200 పోయింది. ‘స్టాప్‌లాస్ పెట్టాలని నాకు తెలుసు సార్, ఆ రోజు తీసేశాను’ అన్నారాయన. స్టాప్‌లాస్ అంటే ధర ఒక హద్దు దాటి పడితే షేరును అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డరు. ఆయనకు పాఠం తెలుసు. డబ్బు కళ్ల ముందు కరిగిపోతున్నప్పుడు చేయి ఆగలేదు. ఆ నిగ్రహాన్ని మూడు నెలల తరగతి ఇవ్వలేదు.

ఆయనది ఒక్కరి కథ అనుకోవద్దు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జూలైలో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2022-23లో ఇంట్రాడే (షేరు కొన్న రోజే అమ్మేయడం) చేసిన ప్రతి పదిమంది వ్యక్తుల్లో ఏడుగురు నష్టపోయారు. ఏడాదికి 500కు మించి లావాదేవీలు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం. ఎక్కువసార్లు చేస్తే చేయి తిరుగుతుందని మనం అనుకుంటాం, లెక్క అందుకు ఎదురు తిరిగింది. షేర్ల రాబోయే ధరల మీద కుదుర్చుకునే ఒప్పందాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్ పరిస్థితి ఇంకా కఠినం. 2021-22 నుంచి మూడేళ్లలో కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు, సగటున మనిషికి 2 లక్షల రూపాయల చొప్పున. ఖర్చులు పోను లక్షకు మించి లాభం చూసినవారు నూటికి ఒక్కరు. మీకు ఆశ చూపిన రోజుకు రెండు వేలు ఏడాదికి 4,80,000 అవుతుంది.

తిరుపతిలో కోచింగ్ అంటే మనకు ఒక నమ్మకం ఉంది. బాలాజీ కాలనీ నుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు దాకా ఎటు చూసినా నీట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల బోర్డులే. అక్కడ చేరేముందు తల్లిదండ్రులు ఏం అడుగుతారు? పోయిన ఏడాది ఎంతమందికి వచ్చింది, హాల్ టికెట్ నంబర్లు చూపండి అంటారు. ట్రేడింగ్ కోచింగ్ వారిని మాత్రం ఎవరూ అలా అడగరు. మీరు అడగండి. బోధించే వ్యక్తి గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో ట్రేడింగ్ లాభం ఎంత, కోర్సు ఫీజుల ఆదాయం ఎంత? రెండేళ్ల కిందట చేరిన బ్యాచ్‌లో అందరి లాభనష్టాల పట్టిక ఉందా? ఫోన్ తెర ఫోటోలు సాక్ష్యం కావు, ఒకే వ్యక్తి నాలుగు ఖాతాల్లో నాలుగు రకాలుగా పెట్టి గెలిచినదాన్ని మాత్రమే చూపవచ్చు.

చట్టం సంగతి కూడా చూడాలి. మార్కెట్ నడుస్తుండగా తెర మీద చూపిస్తామన్నారు కదా. కేవలం విద్య బోధించేవారు గడిచిన మూడు నెలల ధరలను వాడి ఏ షేరు గురించీ చెప్పకూడదని 2025 జనవరిలో సెబీ సర్క్యులర్ ఇచ్చింది. రోజూ ఏది కొనాలో చెప్పడం విద్య కాదు, సలహా. దానికి పెట్టుబడి సలహాదారుగానో రీసెర్చ్ అనలిస్టుగానో సెబీ దగ్గర నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య ఐఎన్ఏ లేదా ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నమోదు ఉన్నవారు కూడా ఇంత లాభం ఖాయమని చెప్పడానికి వీల్లేదు. శిక్షణ పేరుతో సలహాలు అమ్మారంటూ 2025 డిసెంబరులో పేరున్న ఒక శిక్షణ సంస్థకు చెందిన 546 కోట్లను నిలిపి ఉంచమని సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంత మొత్తం ఫీజుల రూపంలోనే పోగైందని గమనించండి.

మీ ఉద్యోగం గురించి ఒక మాట. మార్కెట్ 9.15కు మొదలై 3.30కు ముగుస్తుంది. పగటి షిఫ్టులో ఉంటే, మీలాంటి ఫ్యాక్టరీల్లో సాధారణంగా ఫోను లాకర్లోనే ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వస్తే కళ్లు మూతలు పడే వేళకు ట్రేడింగ్ గంట మోగుతుంది. నిద్రలేని మనిషి తెర ముందు కూర్చుని తీసుకునే నిర్ణయాలకు మీ పాప చదువు డబ్బును అప్పగించలేం.

మీ నాన్నగారిని ఒక విషయం అడగండి. దామలచెరువు వైపు పూత మీదే తోటను గుత్తకు తీసుకునే వ్యాపారి ఏం చూస్తాడు? చెట్టు వయసు, పోయిన ఏటి కాపు, నీటి వసతి, ఫ్యాక్టరీలో మిగిలిన సరుకు. ఇవన్నీ చూసి కూడా ఒకే తోట మీద ఉన్నదంతా పెట్టడు. ఏప్రిల్‌లో గాలివాన వచ్చి పిందె రాలితే తట్టుకునే మూలధనం పక్కన ఉంచుకుంటాడు. ఆ పని నేర్చుకోవడానికి అతనికి పదేళ్లు పట్టి ఉంటుంది. ట్రేడింగూ అలాంటి పూర్తికాలపు వ్యాపారమే.

కోచింగ్ ఏదీ పనికిరాదని నేను అనను. కంపెనీ లెక్కలు చదవడం, రిస్కును కొలవడం నేర్పే అయిదారు వేల తరగతిలో, లాభం మాట ఎత్తని గురువు దగ్గర నేర్చుకుంటే నష్టం లేదు. అంతకంటే ముందు సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం నిర్వహించే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్ష ఉంది. ఉచితం, చదువుకునే పుస్తకమూ ఉచితం. దాంతో పాటు ఒక నోటు పుస్తకం కొనండి. మూడు షేర్లు ఎంచుకుని, ఏ ధరకు కొంటారో, ఎక్కడ నష్టం ఆపుకుంటారో, ఎందుకో మార్కెట్ తెరవకముందే పెన్నుతో రాయండి. సాయంత్రం ఫలితం రాసి, ప్రతి లావాదేవీకి 80 రూపాయలు తీసేయండి. కొట్టివేతలు వద్దు. అరవై మార్కెట్ రోజులు అలా రాశాక కూడా ఆసక్తి ఉంటే, పోయినా ఇంటికి తెలియనంత డబ్బుతో, ఒకటి రెండు షేర్లతో మొదలుపెట్టండి. అప్పుడు పన్ను రిటర్ను వేసే పద్ధతి మారుతుందని, ఇంట్రాడే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరని గుర్తుంచుకోండి.

ఆ 1,60,000 సరిగ్గా మీ అయిదు నెలల జీతం. అందులో లక్షను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో కదలకుండా ఉంచండి. మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ వర్తించదు. కంపెనీ బీమా భార్యాబిడ్డలకు ఉందో లేదో రేపే కనుక్కోండి, లేకపోతే కుటుంబ ఆరోగ్య పాలసీ, 60 లక్షల టర్మ్ పాలసీ (మీకు ఏదైనా అయితే కుటుంబానికి డబ్బు అందే జీవిత బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. ఆ తర్వాత నెలకు మూడు వేలతో ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలవారీ పెట్టుబడి, చాలు. కోచింగ్‌కే డబ్బు పెట్టాలని ఉంటే మీ పనికి సంబంధించినదానికి పెట్టండి. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) ప్రోగ్రామింగ్ గానీ, ఎస్ఎంటీ (సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అమర్చే) లైన్ నిర్వహణ గానీ నేర్చుకున్న టెక్నీషియన్‌కు ఫ్యాక్టరీల్లో గిరాకీ ఉంటుంది, ఆ చదువు ఫలితం జీతం చీటీలో కనిపిస్తుంది.

చివరగా ఆ 2,000. తిరిగి ఇమ్మని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. రాకపోయినా, ఆ రెండు వేలను కాపాడుకోవడానికి మిగతా 68,800 కట్టవద్దు. వాయిదాల కాగితాల మీద మాత్రం అసలే సంతకం పెట్టకండి. అది సాధారణంగా ఫైనాన్స్ కంపెనీ మీ పేరున ఇచ్చే అప్పు. నెలకు 11,800, అంటే మీ ఇద్దరి జీతంలో పావు వంతు. తరగతులు మధ్యలో ఆగిపోయినా వాయిదా ఆగదు, తప్పితే మీ సిబిల్ స్కోరే పడుతుంది. ఈలోగా వారు ఫోను చేసి సీట్లు అయిపోతున్నాయంటే, మూడేళ్ల రిటర్నులు, సెబీ నమోదు సంఖ్య పంపమని చెప్పండి. పంపితే నాకు చూపించండి, ఫీజు తీసుకోకుండా చదివి చెబుతాను.