నాన్నగారు పోయాక అమ్మకు షుగర్ పెరిగింది, దిగులు వల్లేనా?

మీరు అడిగింది: "నాన్నగారు పోయాక అమ్మను తణుకు నుంచి మియాపూర్ తెచ్చుకున్నాం. ఆరు నెలల్లో షుగర్ అదుపు తప్పింది, బీపీ కూడా పెరిగింది. దిగులు వల్లేనా?"

దిగులు సగమే. మిగతా సగం మకాం మార్పు.

1967లో అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు పరిశోధకులు జీవితంలో వచ్చే 43 మార్పులకు, ఏది ఎంత ఒత్తిడి పెడుతుందో మార్కులు వేశారు. భర్తో భార్యో పోతే 100. బతికే తీరు మారితే 25, ఇల్లు మారితే 20, చర్చికి వెళ్లే అలవాటు మారితే 19 (మనకు గుడి అనుకోండి), నలుగురిలో కలవడం మారితే 18, నిద్ర 16, తిండి 15. అమ్మగారికి కూడి చూడండి, 213. ఏడాదిలో 150 దాటితే జబ్బు పడే అవకాశం సగానికి సగమని వాళ్ల అంచనా. తర్వాత రాహే నావికుల మీద పరీక్షిస్తే సంబంధం ఉందిగానీ బలహీనంగానే తేలింది, కాబట్టి దీన్ని జాతకంలా చదవక్కర్లేదు. కానీ ఒకటి గమనించండి: ఆ 213లో నూరు మాత్రమే మన చేతిలో లేనిది. మిగతా 113 పిల్లలు ప్రేమతో చేర్చినవే.

దిగులులో కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. అది లివర్ చేత చక్కెర వదిలిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. రాత్రి అన్నం ముట్టకపోయినా పరగడుపు షుగర్ ఎక్కువ చూపించేది అందుకే.

అసలు గండి పడేది దినాల్లో. పొద్దున్నే అలవాటు ప్రకారం గ్లిమెపిరైడ్ అనే షుగర్ తగ్గించే మాత్ర వేసుకుంటారు. కర్మకాండ అయ్యి విస్తరి వేసేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. పన్నెండింటికే చెమటలు, వణుకు, మాట తడబాటు. "ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది" అని పడుకోబెట్టి విసురుతారు. అది షుగర్ పడిపోవడం. స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పావుగంటకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ భయంతో ఎవరో బంధువు "ఇక ఆ మాత్ర వద్దు" అంటారు. పెద్దకర్మ అయిపోతుంది, బంధువులు వెళ్లిపోతారు, ఆపిన మాత్ర మాత్రం మళ్లీ మొదలవదు. ముందు పాత చీటీ, ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మీరే వేసెయ్యకుండా డాక్టరుకి చూపించండి.

ఇక ఫ్లాటు. ఊళ్లో అయిదింటికి లేచి కళ్లాపి, పాలు, గుడి, బజారు. తెలియకుండానే గంట నడక. ఇక్కడ లిఫ్ట్ అంటే భయం, టీవీ ముందు కుర్చీ, కొడుకు ఆఫీసు నుంచి వచ్చాక పదింటికి భోజనం, వెంటనే నిద్ర. కోడలి కూర సయించక ఆవకాయతో రెండు ముద్దలు, ఆ ఉప్పుకి బీపీ. ఆవిడకి ఏడున్నరకే పెట్టేయండి, మీకోసం ఆగనివ్వకండి.

అన్నదమ్ములు రెండేసి నెలలు వంతులు వేసుకోవడం ఇంకో దరిద్రం. ఇంటికో డాక్టరు, ఇంటికో బ్రాండు. ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు మింగేవాళ్లున్నారు. బ్రాండు కాదు, లోపలి మందు పేరు కాగితం మీద రాసి ఆవిడ సంచీలో పెట్టండి.

బీపీ అయిదు నిమిషాలు కూర్చున్నాక, పొద్దున, రాత్రి, వారం రోజులు చూడండి. మొదటి రోజు లెక్క వదిలేసి మిగతావాటి సగటు తీయండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చూపేది మూడు నెలల షుగర్ సగటు, ఇవాళ మందు మారిస్తే వచ్చే నెలకే పరీక్ష చేయించి కంగారుపడకండి. ఛాతీ నొప్పి అంటే గ్యాస్ అని తోసెయ్యకండి, దుఃఖంలో ఉన్న పెద్దవయసు ఆడవాళ్లకి గుండె కండరమే తాత్కాలికంగా బలహీనపడే జబ్బు ఒకటుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, తిండి వద్దనడం, "నేనెందుకింకా" అనే మాట వారాల తరబడి సాగితే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తణుకు ఇల్లు ఏడాది దాకా అమ్మకండి, అద్దెకీ ఇవ్వకండి. నెలకో వారం అక్కడ ఉండనివ్వండి.